నంప్యాడ్ సంకేతాలు: తొమ్మిది అంకెల పనిముట్టుపై ఒక సమీక్ష

ఫైటింగ్ వీడియో ఆటల్లో ఒక మూవ్ ఎలా వేయాలో రాసుకోవడానికి నేను ఇప్పటివరకు మూడు పద్ధతులు వాడాను. మొదట బాణం గుర్తులు, తరువాత ఇంగ్లీషు పొడి అక్షరాలు, చివరికి అంకెలు. మొదటి రెండింటినీ వదిలి అంకెల దగ్గర స్థిరపడి చాలా ఏళ్ళయింది. నంప్యాడ్ నొటేషన్ అని ఆటగాళ్ళు పిలిచే ఈ పద్ధతి డబ్బు పెట్టి కొనే వస్తువు కాదు. అయినా ఆడిన ప్రతిరోజూ చేతిలో ఉండే పనిముట్టు కనుక, ఒక కంట్రోలర్‌ను సమీక్షించినట్టే దీని మంచిచెడ్డలనూ తూకం వేయవచ్చుననిపించింది. తీర్పు ముందే చెబుతాను: అయిదు చుక్కలకు నాలుగు. అందరూ దీన్ని పొట్టిగా ఉందని మెచ్చుకుంటారు. నేను నాలుగు చుక్కలు ఇస్తున్నది మాత్రం పొట్టిదనానికి కాదు.

కంప్యూటర్ కీబోర్డు కుడిపక్కన అంకెల కోసం విడిగా ఉండే గళ్ళను మనసులో పెట్టుకుంటే పద్ధతి సగం వచ్చేసినట్టే. పై వరుసలో 7, 8, 9. నడుమ 4, 5, 6. కింద 1, 2, 3. నట్టనడుమ ఉన్న 5 మీద జాయ్‌స్టిక్ నిలబడి ఉందనుకోండి. స్టిక్కును ముట్టుకోకుండా వదిలేస్తే అది 5. కిందికి లాగితే 2, పైకి తోస్తే 8, ప్రత్యర్థి వైపు తోస్తే 6, వెనక్కు లాగితే 4. మిగిలిన 1, 3, 7, 9 నాలుగు మూలలు. నొక్కవలసిన బటన్ పేరు అంకెల పక్కన చేరుతుంది. స్ట్రీట్ ఫైటర్ ఆటలో ర్యూ అనే పాత్ర అరచేతుల్లోంచి వెలువడే హడోకెన్ కోసం స్టిక్కును కింది నుంచి మూల మీదుగా ముందుకు తిప్పి పంచ్ బటన్ నొక్కాలి; ఈ వాక్యమంతా 236పి అన్న నాలుగు గుర్తుల్లో ఇమిడిపోతుంది. పైకి ఎగురుతూ గుద్దే షోర్యుకెన్ 623పి, గిర్రున తిరుగుతూ తన్నే తత్సుమాకి 214కె. పి అంటే పంచ్, కె అంటే కిక్. నిలబడి వేసే దెబ్బకు ముందు 5, కూర్చుని వేసే దెబ్బకు ముందు 2 రాస్తారు. గాలిలో వేసేదానికి మాత్రం అంకె బదులు జంప్‌ను సూచించే జె పెడతారు.

ఈ అలవాటు జపాన్ ఆటగాళ్ళ నుంచి మిగతా ప్రపంచానికి పాకింది. అప్పటిదాకా ఇంగ్లీషులో రాసేవాళ్ళు మోషన్ల, అంటే స్టిక్ కదలికల, పేర్లను కుదించి వాడుకునేవారు. 236ను క్వార్టర్ సర్కిల్ ఫార్వర్డ్ అని, పొడి అక్షరాల్లో క్యూసీఎఫ్ అని, 623ను డ్రాగన్ పంచ్ పేరు మీద డీపీ అని. డీపీ అనగానే ప్రొఫైల్ బొమ్మ గుర్తొచ్చే మనబోటివాళ్ళ తిప్పలు అలా ఉంచినా, ఆ పేర్లలో అసలు లోపం ఒకటుంది: పేరు తెలిసినంత మాత్రాన మోషన్ తెలియదు. డీపీ అన్న రెండక్షరాల్లో స్టిక్ ఎటు కదలాలన్న కబురే లేదు; దాన్ని ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి. 623 అలా కాదు, తొమ్మిది గళ్ళ పటం తెలిసినవాడు ఎన్నడూ చూడని మోషన్‌ను కూడా చదువుకుంటూ వేయగలడు. పైగా పాత ఇంగ్లీషు పేర్లలో గందరగోళం పొరలు పొరలుగా ఉండేది. స్ట్రీట్ ఫైటర్ 2 నాటి ఆటగాళ్ళు మూడు పంచ్‌లను జాబ్, స్ట్రాంగ్, ఫియర్స్ అని, మూడు కిక్కులను షార్ట్, ఫార్వర్డ్, రౌండ్‌హౌస్ అని పిలిచేవారు. అంటే ఫార్వర్డ్ అన్నది ఒక దిశ, ఒక బటన్ కూడా. కొత్తవాడికి క్రౌచింగ్ ఫార్వర్డ్ అని చెబితే కూర్చుని ముందుకు నడవమంటున్నారా అని అడగడంలో తప్పేమీ లేదు. అంకెల్లో అది 2ఎంకె, అంటే కూర్చుని వేసే మీడియం కిక్. సందేహానికి చోటు లేదు.

బాణాల సంగతి వేరు. కంటికి వాటంత సూటిగా చెప్పేది మరొకటి లేదు. ఆటల్లోని కమాండ్ లిస్టులు నేటికీ బాణాలే చూపుతాయి, చూపడమే మంచిది కూడా. కానీ కీబోర్డు మీద టైపు చేయాలంటే ప్రతి బాణాన్నీ ఎక్కడి నుంచో తెచ్చి అతికించాలి, పైకి చదివి చెప్పాలంటే మళ్ళీ మాటల్లోకి మార్చాలి. అంకెకు ఆ బాధ లేదు. పక్కవాడికి టూ త్రీ సిక్స్ అని నోటితో చెప్పవచ్చు, ఏ భాషవాడైనా రాసింది రాసినట్టు చదువుకోవచ్చు. ఈ సందర్భంలో ఒక చిన్న ముచ్చట: మూలలకు ఒంటిమాట పేర్లు లేకనే ఇంగ్లీషువాళ్ళు డౌన్-ఫార్వర్డ్ అని జంట మాటలు కట్టుకోవలసి వచ్చింది, మనకు ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం, ఈశాన్యం ఉండనే ఉన్నాయి. 236ను దక్షిణం, ఆగ్నేయం, తూర్పు అని నేను కొన్నాళ్ళు సరదాగా చదివాను. ప్రత్యర్థి నా తల మీదుగా దూకి అటుపక్కకు వెళ్ళినప్పుడల్లా తూర్పు పడమరయ్యేది కాబట్టి ఆ సరదా ఎంతోకాలం నిలవలేదు.

ఇక నేను నాలుగు చుక్కలు ఎందుకు ఇచ్చానో ఆ సంగతికి వస్తాను. ముందుకు నడుస్తూ హడోకెన్ వేయబోతే షోర్యుకెన్ వచ్చి, గాలిలోకి ఎగిరి, కింద నిలబడ్డ ప్రత్యర్థికి తేరగా దొరికిపోవడం ఈ ఆటలు నేర్చుకునే ప్రతివాడికీ తగిలే దెబ్బ. నాకు అది నెలల తరబడి తగిలింది. కంట్రోలర్ పాడైందనుకున్నాను, చేయి వణుకుతోందనుకున్నాను, ఒక దశలో ఆటనే అనుమానించాను. క్యూసీఎఫ్ అని రాసుకున్నంత కాలం ఆ తప్పు నాకు కనబడలేదు, కనబడే వీలూ లేదు. ఒకరోజు నేను నిజంగా చేస్తున్నదాన్ని అంకెల్లో రాసి చూశాను. నడుస్తున్నాను కనుక స్టిక్ అప్పటికే 6 మీద ఉంది. అక్కడి నుంచి 236. కలిపి రాస్తే 6236. మొదటి మూడు అంకెలు చదవండి: 623. ఆటకు నేను పంపుతున్నది రెండు మోషన్లను ఒకదానిలో ఒకటి దూర్చి. రెండూ సరిపోయినప్పుడు చాలా ఆటలు షోర్యుకెన్‌కే పెద్దపీట వేస్తాయి. తప్పు చేతిదీ కాదు, కంట్రోలర్‌దీ కాదు, ఆ నాలుగంకెల వరుసది. నడక ఆపి, స్టిక్కును 5కు రానిచ్చి, ఒక్క రెప్పపాటు ఆగి 236 వేస్తే మొదటి 6 పాతబడి లెక్కలోకి రాకుండా పోతుంది. నెలల రోగానికి మందు ఒక్క అంకెలో దొరికింది.

అదే కంటితో చూస్తే మరికొన్ని వాటంతటవే తెలుస్తాయి. ర్యూ సూపర్, అంటే అతని అతి బలమైన దెబ్బ, 236236పి. దాని నడుమ మూడవ అంకె నుంచి అయిదవ అంకె దాకా చదివితే అక్కడ కూడా 623 దాగి ఉంది. అందుకే ఆటను తయారుచేసేవాళ్ళు సూపర్‌ను షోర్యుకెన్ కంటే ముందు పరిశీలించే ఏర్పాటు చేయక తప్పదు. స్ట్రీట్ ఫైటర్ 4లో కూర్చున్న చోటు నుంచి లేవకుండానే 323పి తో షోర్యుకెన్ వచ్చేదన్న చిట్కాను మాటల్లో వివరించాలంటే ఒక పేరా పడుతుంది. అంకెల్లో రాసి 623 పక్కన పెడితే ఆట ఎంతవరకు సడలింపు ఇస్తోందో ఇట్టే కనిపిస్తుంది. ట్రైనింగ్ మోడ్‌లో మనం నొక్కినవన్నీ చూపుతూ తెర అంచున పేరుకునే ఇన్‌పుట్ డిస్‌ప్లేను అంకెల్లోకి ఎత్తి రాసుకుని, రావలసిన వరుస పక్కన పెట్టి చూడటం నాకు తెలిసినంతలో తప్పులు పట్టుకునే అత్యుత్తమ మార్గం. 623 వేయబోయి విఫలమైన పదిసార్లను నేను అలా రాసి చూస్తే ఏడింటిలో 2 లేదు. స్టిక్ 6 నుంచి సరాసరి 3కు జారిపోతోంది. చేతికి తెలియని సంగతి కాగితానికి తెలిసింది.

ఇలా పనికి రావడానికి కారణం, ఈ పద్ధతి చేయి చేసే పనిని కాక స్టిక్ ఉన్న చోటును రాయడం. ఈ తేడా నాకు లీవర్ లేని కంట్రోలర్‌కు మారినప్పుడు బాగా తెలిసింది. అందులో స్టిక్ ఉండదు. నాలుగు దిశలకు నాలుగు బటన్లు ఉంటాయి. లీవర్ మీద 236 అంటే మణికట్టుతో తీసే ఒకే ఒక్క వంపు. బటన్ల మీద అదే 236 వేయాలంటే కింది బటన్ నొక్కాలి, అది వదలకుండానే ముందు బటన్ నొక్కాలి, ఆ తరువాత కింది బటన్ వదలాలి. మూడంకెలు కనిపిస్తున్నా నొక్కడాలు రెండే. మూడవ అంకె పుట్టేది వేలు ఎత్తడం వల్ల. 623 ఇంకా చిత్రమైనది: ముందు బటన్ నొక్కి వదిలేయాలి, కింది బటన్ నొక్కి పట్టుకోవాలి, మళ్ళీ ముందు బటన్ నొక్కాలి. ఇక్కడ మొదటి బటన్‌ను వదలడం మరిచిపోతే 2 అన్న అంకె పుట్టనే పుట్టదు, 6 వెంట 3 వచ్చి కూర్చుంటుంది. రెండు పరికరాలకూ రాత ఒకటే కావడం వల్ల, లీవర్ రోజుల్లో నింపిన నా నోట్సులో ఒక్క అక్షరం దిద్దకుండా కొత్త పరికరం మీద సాధన మొదలుపెట్టగలిగాను. అయితే వేళ్ళకు ఏం చెప్పాలో మాత్రం రాత చెప్పదు. ఆ అనువాదం ఎవరికి వారే చేసుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు 236ను మూడు బటన్ల నొక్కుడుగా అర్థం చేసుకుని, 2 నొక్కి వదిలి, 3 కోసం తడుముకుని, 6 నొక్కడం నేను చూశాను. వాళ్ళు చదివింది తప్పు కాదు, రాతలో చెప్పనిదాన్ని చెప్పినట్టు అనుకున్నారంతే.

లోపాల్లో మొదటిది నా సొంత అనుభవం, చెప్పుకోవడానికి కాస్త సిగ్గే. నేను ఈ అంకెలను మొదటిసారి చదివింది ఫోనులో. నా ల్యాప్‌టాప్‌కు నంప్యాడ్ లేదు. అంకెల గళ్ళు అనగానే నా కళ్ళ ముందు నిలిచింది ఫోను డయల్ చేసే పలక. అక్కడ 1, 2, 3 పై వరుసలో ఉంటాయి. ఆ లెక్కన 236 అంటే పైకి, పై మూలకు, ముందుకు. రెండు సాయంత్రాలు నేను హడోకెన్ వేయబోయిన ప్రతిసారీ ర్యూ నిటారుగానో ముందుకో గెంతుతూనే ఉన్నాడు. దీనికి మూలం ఆటల్లో లేదు. 7, 8, 9 పైన ఉండే అమరిక కూడిక యంత్రాల వారసత్వం, 1914 నాటి సండ్‌స్ట్రాండ్ యంత్రం దాకా వెళుతుంది. 1, 2, 3 పైన ఉండే అమరిక 1963లో బెల్ సంస్థ టచ్‌టోన్ ఫోనుతో వచ్చింది. రెండు అమరికలు విడిపోయి అరవై ఏళ్ళు దాటింది, ఆ పాత తగాదా నా జంప్‌లలో తేలింది. నంప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు మాత్రమే ఎరిగిన తరానికి ఈ పద్ధతిని నేర్పేటప్పుడు మొదటి మాటగా 2 కింద, 8 పైన అని చెప్పాలి. ఆ ఒక్క ముక్క వదిలేసి మొదలయ్యే పరిచయాలే ఎక్కువ.

రెండవది వైపుల గొడవ. 6 అంటే కుడి కాదు, ప్రత్యర్థి ఉన్న వైపు. రాత మొత్తం మనం ఎడమపక్కన నిలబడి కుడివైపు చూస్తున్నామన్న ఊహ మీద నడుస్తుంది. మనం తెరలో కుడివైపున ఉన్నప్పుడు హడోకెన్ కోసం చేయి కింద, కింద-ఎడమ, ఎడమ అని కదులుతుంది, ఇన్‌పుట్ డిస్‌ప్లే కూడా అవే బాణాలు చూపుతుంది. అయినా రాయవలసింది 236 అనే, 214 అని కాదు. రీప్లే చూసి నోట్సు రాసుకునేవాడు మొదట్లో ఇక్కడ తప్పకుండా తడబడతాడు. దీన్ని పూర్తిగా లోపం అనలేను, ఎందుకంటే రెండు వైపులకు రెండు రాతలు అక్కర్లేకుండా చేసింది ఈ ఊహే. వైపు మారని ఆటల్లో ఈ చిక్కే ఉండదు. 1986లో నింటెండో వారి ఫామికామ్ గేమ్ యంత్రం కోసం తయారైన, అంతరిక్ష ఓడను నడిపే గ్రాడియస్ ఆటలో కజుహిసా హషిమోతో పెట్టిన, ఇప్పుడు కోనామీ కోడ్‌గా అందరికీ తెలిసిన వరుసను అంకెల్లో రాస్తే 88224646, ఆపైన బి, ఎ. ఓడ ముక్కు ఎప్పుడూ కుడివైపే కనుక ముందు, కుడి రెండూ ఒకటే.

చిన్న చిన్న మోసాలు కొన్ని ఉన్నాయి. స్ట్రీట్ ఫైటర్‌లోని మల్లయోధుడు జాంగీఫ్ పట్టుకుని గిరగిరా తిప్పి నేలకేసి కొట్టే త్రోను 360పి అని రాస్తారు. పద్ధతి నేర్చుకుని రెండు రోజులైనవాడు దీన్ని 3, 6, 0 అని చదివి, సున్నా ఏ మూల ఉందని వెతుకుతాడు. ఇది అంకెల వరుస కాదు, డిగ్రీల కొలత. స్టిక్కును ఒక చుట్టు తిప్పమని. అదే మనిషి సూపర్ 720. ఒకే పేజీలో ఒక సంఖ్య గళ్ళను, మరొక సంఖ్య కోణాన్ని సూచించడం నాకు ఇన్నేళ్ళకూ మింగుడుపడలేదు. ముందుకు ఒక్క ఉదుటున దూసుకుపోయే డ్యాష్‌ను 66 అంటారు. నిజానికి స్టిక్ 6 నుంచి 5కు వచ్చి మళ్ళీ 6కు పోవాలి, అంటే అది 656. నడిమి 5ను అందరూ మింగేస్తారు, చదివేవాడు తనంతట తాను నింపుకోవాలి.

కానీ ఆ అయిదవ చుక్కను నేను కోసింది వీటికి కాదు, కాలానికి. ఈ ఆటలు సెకనుకు 60 ఫ్రేముల లెక్కన నడుస్తాయి, ఒక్కొక్క ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు, గెలుపోటములు ఆ ఫ్రేముల్లోనే తేలుతాయి. రాతలో మాత్రం కాలం లేదు. స్ట్రీట్ ఫైటర్‌లోనే గైల్ అనే మరో పాత్ర విసిరే సోనిక్ బూమ్‌ను [4]6పి అని రాస్తారు. చదరపు కుండలీకరణం అంటే నొక్కిపట్టమని; ఎంతసేపు అన్నది మాత్రం ఆట తెలిసినవాడికే తెలియాలి. క్షణం ముందు వదిలితే చేతికి వచ్చేది ఒట్టి పంచ్. కాంబోల్లో, అంటే వరుసగా తగిలే దెబ్బల గొలుసుల్లో, ఒక దెబ్బను మధ్యలో తెంచి మరొకదానిలోకి వెళ్ళడానికి > గుర్తు, మొదటిది పూర్తయ్యాక రెండవది అందుకోవడానికి కామా వాడేవాళ్ళున్నారు. రెంటికీ ఒకే గుర్తు వాడేవాళ్ళూ ఉన్నారు. ఆలస్యం చేయాలంటే డిలే అని పక్కన రాస్తారు తప్ప ఎంత ఆలస్యమో రాయరు. సంగీతం రాసుకునేవాళ్ళు స్వరంతో పాటు తాళం కూడా గుర్తిస్తారు. ఇక్కడ స్వరాలు మాత్రమే ఉన్నాయి, తాళం గురువు నోటి నుంచే రావాలి. వీడియో చూడకుండా రాతను మాత్రమే నమ్ముకుని కష్టమైన కాంబో నేర్చుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అన్ని ఆటలకూ ఇది నప్పదు. గిల్టీ గేర్ ఆడేవాళ్ళకు ఇది మాతృభాష వంటిది, సోల్‌కాలిబర్ వాళ్ళూ 66బి, 3బి అంటూ హాయిగా వాడుకుంటారు, వాళ్ళ బటన్లకు అక్షరాల పేర్లు కనుక. 1994లో మొదలైన టెక్కెన్ దగ్గర మాత్రం ఇది బోర్లాపడింది. అక్కడ 1, 2, 3, 4 అన్నవి బటన్లు: ఎడమ చేయి, కుడి చేయి, ఎడమ కాలు, కుడి కాలు. ముందువైపు కింది మూలకు తోసి కుడి చేత్తో కొట్టడాన్ని నంప్యాడ్ పద్ధతిలో రాస్తే 3+2 అవుతుంది. చూసినవాడు అయిదు అని జవాబు చెప్పినా కాదనలేం. అందుకే ఆ ఆటగాళ్ళలో ఎక్కువమంది దిశలకు ఎఫ్, బి, డి, యు అన్న ఇంగ్లీషు అక్షరాలనే ఉంచుకున్నారు, అది న్యాయమే. సూపర్ స్మాష్ బ్రదర్స్ వంటి ఆటల్లో స్టిక్కును నెమ్మదిగా వంచడం వేరు, విసురుగా తోయడం వేరు. తొమ్మిది గళ్ళు చోటునే చెబుతాయి కనుక ఆ విసురుకు వీటిలో గుర్తు లేదు.

వాడబోయేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: ఇతరులు రాసింది చదవడానికి మాత్రమే ఈ పద్ధతిని నేర్చుకోవద్దు, మీ సొంత తప్పులను రాసుకోవడానికి వాడండి. నా నోట్సులో ఒక పేజీ ఎడమ సగంలో రావలసినవి ఉంటాయి, కుడి సగంలో నిజంగా వచ్చినవి. నిన్నటి వరుసలో ఎడమపక్క 2ఎంకె > 236పి అని ఉంది. కుడిపక్క వరుసగా మూడుసార్లు 2ఎంకె > 23పి అని, దాని పక్కన బాల్ పెన్నుతో ఒత్తి గీసిన సున్న. బటన్ తొందరపడుతోంది, స్టిక్ 6 దాకా చేరడం లేదు. ఈ సాయంత్రం ఆ ఒక్క అంకె మీదే కూర్చోవాలి.